తీరం ఊరిదైతే ఖర్చూ ఊరిదేనా?

మునిగిన నౌకల నుంచి ఒడ్డుకు కొట్టుకువచ్చే చమురు ముద్దలు, పగిలిన కంటైనర్లు, రసాయనాల పీపాలు, ప్లాస్టిక్ గుళికలు వంటి ప్రమాదకర శిథిలాలను తొలగించే ఖర్చు, ఆ తీరం ఏ పంచాయతీ లేదా ఏ పురపాలక సంఘం హద్దులో ఉంటే ఆ స్థానిక సంస్థదేనన్న అభిప్రాయం తీరప్రాంత పాలనలో ఎంతగా పాతుకుపోయిందంటే, దానికి రుజువు చూపవలసి ఉంటుందన్న స్పృహ కూడా చాలామందికి కలగదు. ఈ అభిప్రాయం తప్పు. అది తర్కానికి నిలవదు, చట్టానికి నిలవదు, దాని ఫలితాలు తీరంలో బతికే పేదలకు అన్యాయం చేస్తాయి. అయితే ఖండించే ముందు ఆ అభిప్రాయాన్ని దాని పూర్తి బలంతో చెప్పడం న్యాయం.

ఆ పక్షం వారు చెప్పేది ఇది. బహిరంగ తీరం ప్రజల ఆస్తి, దానికి దగ్గరి సంరక్షకుడు స్థానిక సంస్థ. పారిశుద్ధ్యం రాజ్యాంగమే స్థానిక సంస్థలకు అప్పగించిన పని. ప్రమాదకర పదార్థం ఇసుకలో ఒక్కో రోజు గడిచేకొద్దీ నష్టం పెరుగుతుంది కనుక, దోషి ఎవరో తేలేవరకు చేతులు కట్టుకుని కూర్చోవడం నేరంతో సమానం. శుభ్రమైన తీరం వల్ల లాభపడేది పర్యాటకం, చేపల వేట, చిరువ్యాపారం, అంటే స్థానికులే. నౌకల యజమానుల బాధ్యతకు అంతర్జాతీయ ఒడంబడికలు ఒక పరిమితి పెట్టాయి కనుక, ఆ పరిమితి దాటిన నష్టాన్ని ప్రకృతి వైపరీత్యంలా సమాజమే భరించక తప్పదు. చివరగా, విదేశీ కంపెనీలపై దావా వేసి ఏళ్లతరబడి తిరగడం కంటే చేతిలో ఉన్న డబ్బుతో, స్వచ్ఛంద సేవకుల సాయంతో పని ముగించుకోవడం చౌక.

ఇందులో ఏ వాదమూ మూర్ఖమైనది కాదు, కొన్నిటిలో సగం నిజమూ ఉంది. కాని అన్నిటి అడుగునా ఉన్న పొరపాటు ఒక్కటే: శిథిలాన్ని ఎత్తే బాధ్యత, దాని ఖర్చును చివరికి మోసే బాధ్యత అనే రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా చూడడం. మొదటిది ఎవరు దగ్గరలో ఉన్నారన్న దానిపై ఆధారపడుతుంది, రెండవది ఎవరు కారకులన్న దానిపై ఆధారపడుతుంది.

1. సంరక్షకుడు కనుక చెల్లించాలన్న వాదం

1992లో వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు పంచాయతీలకు, పురపాలక సంఘాలకు పారిశుద్ధ్యాన్ని, పురపాలక సంఘాలకు ఘనవ్యర్థాల నిర్వహణను కూడా అప్పగించదగిన విధులుగా చూపిన మాట నిజమే. అయితే అక్కడ ఉద్దేశించిన వ్యర్థం ఆ ఊరి జనం రోజువారీ జీవితంలో పుట్టే చెత్త. ఇళ్ల పన్నుకూ ఆ చెత్తకూ సంబంధం ఉంది, ఎందుకంటే పన్ను కట్టేవాడే చెత్తను పుట్టిస్తున్నాడు. ప్రమాదకర వ్యర్థం అంటే మండే, విషం చిమ్మే, తినివేసే లేదా చర్య జరిపే గుణం వల్ల మనుషులకూ పర్యావరణానికీ హాని చేసేది. దానికి 2016లో వచ్చిన నియమాలు ఘనవ్యర్థాల నియమాలకు పూర్తిగా వేరు, వాటిలో నిర్వహణ భారం ఆ పదార్థాన్ని తన ఆధీనంలో ఉంచుకున్న వ్యక్తి మీదనే పడుతుంది. ఊరి చివర కుప్పతొట్టికీ, సముద్రం మోసుకొచ్చిన కాల్షియం కార్బైడ్ పీపాకూ చట్టం ఒకే కొలత వాడలేదు. ఆ కొలతను చెరిపివేసి రెండింటినీ పారిశుద్ధ్య పద్దులో కలిపేసేది పాలకుల అలవాటు మాత్రమే.

ఇక సంరక్షకత్వం మాట. 1996 డిసెంబరులో కమల్‌నాథ్ కేసులో భారత సుప్రీంకోర్టు ప్రజా ధర్మకర్తృత్వ సిద్ధాంతాన్ని ఈ దేశ న్యాయంలో భాగంగా ప్రకటించింది. నదులు, తీరాలు, అడవులు వంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం యజమాని కాదు, ప్రజల తరఫున ధర్మకర్త అన్నది దాని సారం. ధర్మకర్త అన్న మాటకు తెలుగు సమాజంలో అర్థం చెప్పనక్కరలేదు. దేవాలయ మాన్యంలో ఎవరో చొరబడి పంట నాశనం చేస్తే, ధర్మకర్త చేయవలసింది ఆ నష్టాన్ని నైవేద్యపు సొమ్ముతో పూడ్చి ఊరుకోవడం కాదు, చొరబడినవాడి నుంచి రాబట్టి దేవుడి ఖాతాలో జమకట్టడం. రాబట్టే ప్రయత్నమే చేయని ధర్మకర్తను ఊరు సంరక్షకుడని మెచ్చుకోదు, లెక్క అడుగుతుంది. కనుక సంరక్షకత్వాన్ని ఆధారం చేసుకుంటే వచ్చే ముగింపు ఈ వాదం చెప్పేదానికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది: స్థానిక సంస్థకు, రాష్ట్రానికి ఖర్చు రాబట్టే హక్కుతో పాటు రాబట్టవలసిన విధి కూడా ఉంది.

కాలుష్య కారకుడే చెల్లించాలన్న సూత్రం కూడా ఇక్కడ కొత్తది కాదు. రాజస్థాన్‌లోని బిచ్ఛ్‌రీ గ్రామంలో రసాయన వ్యర్థాలు నేలను, బావులను పాడుచేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో ఆ సూత్రాన్ని అమలుచేసి, నేలను బాగుచేసే ఖర్చు ఫ్యాక్టరీలదేనని తేల్చింది. 2010 నాటి జాతీయ హరిత న్యాయస్థాన చట్టం దాన్ని తన నిబంధనలలోనే చేర్చుకుంది. 2011 ఆగస్టులో ముంబయి సమీపాన అరవై వేల టన్నులకు పైగా బొగ్గుతో మునిగిన ఎం.వి. రాక్ నౌక విషయంలో ఆ న్యాయస్థానం 2016లో నౌక పక్షం వారిపై 100 కోట్ల రూపాయల పర్యావరణ పరిహారం విధించింది. బిచ్ఛ్‌రీ బావులకు ఒక న్యాయం, బంగాళాఖాతపు ఇసుకకు మరో న్యాయం అని చెప్పడానికి చట్టంలో ఆధారం లేదు.

2. ముందు ఎత్తాలి, తర్వాత చూసుకోవాలన్న వాదం

ఈ వాదంలో మొదటి సగం సంపూర్ణంగా నిజం. 2025 మే 25న కేరళ తీరానికి దూరంగా మునిగిన ఎం.ఎస్.సి. ఎల్సా 3 అనే లైబీరియా జెండా నౌకలో ఆరు వందల నలభైకి పైగా కంటైనర్లు ఉన్నాయి. వాటిలో పదమూడింటిలో ప్రమాదకర సరుకు ఉందని, అందులో పన్నెండింటిలో ఉన్నది కాల్షియం కార్బైడ్ అని అధికారులు ప్రకటించారు. మామిడికాయలను మగ్గబెట్టడానికి చట్టవిరుద్ధంగా వాడే పదార్థంగా తెలుగువారికి పరిచయమైన ఈ కార్బైడ్, నీరు తగిలితే ఎసిటిలీన్ అనే మండే వాయువును వదులుతుంది. కంటైనర్లు కొల్లం, ఆలప్పుళ తీరాలకు కొట్టుకువచ్చాయి. తిరువనంతపురం తీరానికి నర్డిల్స్ చేరాయి. నర్డిల్స్ అంటే ప్లాస్టిక్ వస్తువుల తయారీకి ముడిసరుకుగా వాడే, ఐదు మిల్లీమీటర్లకు మించని గుళికలు. అవి ఇసుకరేణువుల మధ్య ఒదిగిపోతాయి, చేపలు వాటిని గుడ్లనుకుని మింగుతాయి, ఒక్కో అల వాటిని మరింత లోతుకు పాతిపెడుతుంది. ఇలాంటి చోట ఆలస్యం చేయమని ఎవరూ కోరరు.

ఆలస్యం ఎంత ఖరీదైనదో ఫ్రాన్స్ అనుభవమూ చెబుతుంది. 1999 డిసెంబరు 12న బ్రిటనీ తీరానికి ఎదురుగా రెండు ముక్కలైన ఎరికా అనే మాల్టా జెండా చమురు నౌక నుంచి సముద్రంలో కలిసింది సుమారు ఇరవై వేల టన్నుల భారీ ఇంధన నూనె, అంటే శుద్ధి కర్మాగారాలలో తేలిక నూనెలన్నీ తీసేశాక మిగిలే చిక్కటి, నల్లటి మడ్డి. తీరంలో ఎత్తవలసి వచ్చిన వ్యర్థం మాత్రం దాదాపు రెండు లక్షల టన్నులు, ఎందుకంటే ఆ మడ్డి నీటితో, ఇసుకతో, నాచుతో, గులకరాళ్లతో కలిసి పదింతలయింది.

కాని తొందర వల్ల తేలేది ఎవరు ఎత్తాలన్నదే, ఎవరు చెల్లించాలన్నది తొందర వల్ల తేలదు. ఒకరి బాధ్యతను తక్షణ అవసరం కొద్దీ మరొకరు నెరవేర్చినప్పుడు ఆ సొమ్ము తిరిగి పొందే హక్కు ఉంటుందని చెప్పే సూత్రం భారత కాంట్రాక్టు చట్టంలో 1872 నుంచే ఉంది. మరొకరు చట్టరీత్యా చెల్లించవలసిన సొమ్మును, తన ప్రయోజనం ముడిపడి ఉన్నందువల్ల చెల్లించిన వ్యక్తికి ఆ సొమ్మును తిరిగి రాబట్టుకునే హక్కు ఉందని ఆ చట్టం 69వ సెక్షను చెబుతుంది. కౌలుదారు తన పంటను కాపాడుకోవడానికి భూస్వామి ఎగవేసిన శిస్తు కట్టినంత మాత్రాన భూస్వామి బాకీ రద్దు కాదు. తీర పంచాయతీ కట్టేదీ అటువంటి శిస్తే. దాన్ని అప్పు పద్దులో రాయాలి, ఖర్చు పద్దులో కాదు.

3. లాభపడేవారే భరించాలన్న వాదం

దీనికి ఎక్కువ సమాధానం అవసరం లేదు. నిన్నటివరకు ఉన్నది మళ్లీ ఉండడం లాభం కాదు. ఎల్సా 3 మునిగాక ఆ చుట్టుపక్కల ఇరవై నాటికల్ మైళ్ల మేర వేటను నిలిపివేశారు. వల వేయలేని మత్స్యకార కుటుంబానికి కేరళ ప్రభుత్వం తాత్కాలిక సాయంగా ప్రకటించింది వెయ్యి రూపాయలు, ఆరు కిలోల బియ్యం. ఆ కుటుంబాన్ని తీరశుద్ధి వల్ల లాభపడే వర్గంగా లెక్కించి, దాని పంచాయతీ సొమ్ముతో ఇసుకను జల్లెడ పట్టించడమంటే నష్టపోయినవాడి చేత నష్టపరిహారం కట్టించడం. ఆ నౌక సురక్షితంగా కొచ్చి చేరి ఉంటే వచ్చే కిరాయిలో తీరానికి పైసా వాటా ఉండేది కాదు. లాభంలో వాటా లేనివారికి నష్టంలో వాటా అంటగట్టే న్యాయం ఏ ఊరి రచ్చబండ మీదా చెల్లదు.

4. ఒడంబడికల పరిమితి దాటినది సమాజం మోయాలన్న వాదం

ఇది ఈ పక్షంలోని వాదాలన్నిటిలో బలమైనది, చదువుకున్నవారిని ఎక్కువగా ఒప్పించేదీ ఇదే. కనుక కొంచెం నిలబడి పరిశీలించాలి.

1967లో టోరీ కేన్యన్ అనే చమురు నౌక ఇంగ్లండు నైరుతి కొసన రాళ్లకు తగిలి లక్ష టన్నులకు పైగా ముడిచమురు బ్రిటన్, ఫ్రాన్స్ తీరాలను ముంచెత్తాక, 1969లో చమురు కాలుష్యానికి పౌర బాధ్యతను నిర్ణయించే అంతర్జాతీయ ఒడంబడిక వచ్చింది. దాని వెనుకనే, చమురు దిగుమతి చేసుకునేవారి చందాలతో నడిచే పరిహార నిధి ఏర్పడింది. ఈ ఏర్పాటులో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది: తప్పు నిరూపించనక్కరలేకుండా నౌక యజమాని చెల్లిస్తాడు, బదులుగా అతడి బాధ్యతకు ఒక గరిష్ఠ పరిమితి ఉంటుంది. ఈ బేరంలో తీర గ్రామాలు పక్షం కావు, వాటి తరఫున మాట్లాడినవారూ లేరు. అయినా పరిమితి దాటిన ప్రతి రూపాయీ ఆ గ్రామాల మెడకే చుట్టుకుంటుందని ఈ వాదం చెబుతుంది.

ఎరికా ప్రమాదంలో నౌక బీమా, పరిహార నిధి కలిపి చెల్లించగలిగిన గరిష్ఠ మొత్తం సుమారు 18.5 కోట్ల యూరోలు, నష్టం అంతకు మించింది. ఆ చమురు చేరిన ఊళ్లలో లువార్ నది ముఖద్వారానికి ఉత్తరాన ఉన్న మెస్కేర్ ఒకటి. అది ఉప్పుమడులకు, ఆల్చిప్పల పెంపకానికి పేరుపడిన, అప్పటికి రెండు వేల జనాభా కూడా లేని కమ్యూన్, అంటే మన పంచాయతీకి సాటివచ్చే స్థానిక సంస్థ. తన తీరాన్ని శుభ్రం చేయడానికి పెట్టిన 69,232 యూరోల 42 సెంట్లను ఆ కమ్యూన్, చమురు తయారు చేసి, అమ్మి, నౌకను కిరాయికి తీసుకున్న టోటల్ సంస్థల నుంచి కోరింది. అది ఎంచుకున్న దారి నౌకా ఒడంబడికల దారి కాదు, యూరప్‌లో వ్యర్థాల నిర్వహణను శాసించే చట్టపు దారి. స్థానిక న్యాయస్థానమూ, 2002లో రెన్ అప్పీలు న్యాయస్థానమూ ఆ ఇంధనం అమ్మకపు సరుకే గాని వ్యర్థం కాదంటూ దావాను తోసిపుచ్చాయి. ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం ప్రశ్నను లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ న్యాయస్థానానికి పంపింది.

2008 జూన్ 24న వచ్చిన ఆ తీర్పు ఈ మొత్తం చర్చకు కీలకం. పీపాలో ఉన్నంతవరకు ఇంధన నూనె సరుకే. సముద్రంలో ఒలికి, నీటితో, మట్టితో కలిసి ఒడ్డుకు చేరాక అది వ్యర్థం. ఆ వ్యర్థాన్ని తొలగించే ఖర్చు పరిహార నిధి పరిమితి వల్ల పూర్తిగా తీరకపోతే, నౌకను ఎంచుకోవడంలో నిర్లక్ష్యం వంటి ప్రవర్తన వల్ల ఆ కాలుష్య ప్రమాదానికి తోడ్పడిన సరుకు ఉత్పత్తిదారు మిగిలిన ఖర్చు భరించేలా దేశీయ చట్టం ఉండాలి. అంటే ఒడంబడిక పెట్టిన పరిమితి ఒక తలుపును మూస్తుంది గాని ఇంటి చుట్టూ గోడ కట్టదు. అదే ఏడాది డిసెంబరులో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం రెన్ తీర్పును కొట్టివేసింది. సమాంతరంగా నడిచిన క్రిమినల్ కేసులో 2012 సెప్టెంబరు 25న అదే న్యాయస్థానం, నౌకకు యోగ్యతాపత్రం ఇచ్చిన సంస్థతో పాటు చమురు కంపెనీ నేరాన్ని ఖాయం చేసి, ప్రకృతికి కలిగిన హానిని విడిగా పరిహారం చెల్లించవలసిన నష్టంగా గుర్తించింది.

పరిమితి అన్నది ప్రకృతి నియమం కాదనడానికి ఇంకా దగ్గరి ఉదాహరణ శ్రీలంక. 2021 మే నెలలో కొలంబో సమీపాన తగలబడిన ఎక్స్‌ప్రెస్ పెర్ల్ నౌక నుంచి సుమారు 1,680 టన్నుల ప్లాస్టిక్ గుళికలు సముద్రంలో పడ్డాయి. నౌక పక్షం వారు లండన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించి 2023లో తమ బాధ్యతకు సుమారు 1.9 కోట్ల పౌండ్ల పరిమితి తెచ్చుకున్నారు. 2025 జూలై 24న శ్రీలంక సుప్రీంకోర్టు అదే ఘటనకు వంద కోట్ల అమెరికా డాలర్లు చెల్లించాలని ఆదేశించింది. ఒకే నౌక, ఒకే సముద్రం, ఒకే ఇసుక. రెండు అంకెల మధ్య ఇంత దూరం ఉందంటే పరిమితి అనేది చట్టం రాసుకున్నవారి ఎంపిక తప్ప విధిరాత కాదని అర్థం. పైగా చమురు నౌకల ఒడంబడికలు ప్లాస్టిక్ గుళికలకు గాని కార్బైడ్ పీపాలకు గాని వర్తించవు. ప్రమాదకర, హానికర పదార్థాల రవాణాకు 1996లో రాసుకున్న, 2010లో సవరించిన ప్రత్యేక ఒడంబడిక ఎల్సా 3 మునిగేనాటికి ఇంకా అమలులోకే రాలేదు. ఇక గుళికలను సముద్ర రవాణా నియమావళి ప్రమాదకర సరుకుగా గుర్తించనైనా లేదు. ఉనికిలోనే లేని రక్షణను చూపించి, అది దాటిన భాగాన్ని భరించమని గ్రామాలకు చెప్పడం వాదం అనిపించుకోదు.

5. దావా కంటే చెల్లించడమే చౌక అన్న వాదం

1978 మార్చి 16న బ్రిటనీలోని పోర్సాల్ వద్ద అమోకో కాదిస్ చమురు నౌక రాళ్లకు తగిలి, మోస్తున్న రెండు లక్షల ఇరవై వేల టన్నులకు పైగా చమురంతా సముద్రంలో కలిసింది. ఒడంబడిక పరిమితి ప్రకారం వచ్చే 7.7 కోట్ల ఫ్రాంకులతో తృప్తిపడకుండా, సుమారు తొంభై కమ్యూన్లు ప్లూడల్మెజో మేయరు అల్ఫోన్స్ అర్జెల్ నాయకత్వాన ఒక్కటై, అమెరికా కంపెనీ మీద అమెరికాలోని చికాగో న్యాయస్థానంలోనే దావా వేశాయి. తుది తీర్పు 1992లో వచ్చింది. పద్నాలుగేళ్లు పట్టిన మాట, గ్రామాలకు ఆ కాలమంతా భారమైన మాట నిజం. కాని ఫ్రాన్స్ ప్రభుత్వానికి, కమ్యూన్లకు కలిపి దక్కింది వంద కోట్ల ఫ్రాంకులకు పైగా. ఆ గ్రామాలు ఏర్పరచుకున్న సంఘం విజిపోల్ అన్న పేరుతో నేటికీ పనిచేస్తూ, ప్రమాదం వస్తే ఏ కమ్యూన్ ఏం చేయాలో, ఏ ఆధారం ఎలా భద్రపరచాలో ముందుగానే నేర్పుతోంది.

ఈ అనుభవం నుంచి తీయవలసిన పాఠం దావా వ్యర్థమన్నది కాదు, ఒంటరి గ్రామం దావా నడపలేదన్నది. ఆ కొరత తీర్చవలసింది రాష్ట్రం. కేరళ ప్రభుత్వం 2025 మే నెలాఖరున ఎల్సా 3 ఘటనను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి తక్షణ ఖర్చుకు వీలు కల్పించుకుంది. తర్వాత హైకోర్టులో 9,531 కోట్ల రూపాయలకు దావా వేసింది. భారత నౌకాధికార చట్టం ప్రకారం, ఒక నౌక వల్ల కలిగిన నష్టానికి హామీగా అదే యాజమాన్యానికి చెందిన మరో నౌకను ఆపవచ్చు. ఆ అధికారంతోనే విళింజం నౌకాశ్రయంలో ఉన్న అకితేత 2 అనే నౌకను న్యాయస్థానం నిలిపివేయించింది. సెప్టెంబరులో హామీ మొత్తాన్ని 1,227.62 కోట్లుగా నిర్ణయించింది. ఇది తుది పరిహారం కాదు, విచారణ ముగిసేదాకా ఉంచవలసిన పూచీ. అయినా దావా వేసిన కొద్ది నెలలలోనే ఇంత పూచీ నిర్ణయమైన చోట, ప్రయత్నించడమే దండగ అన్న మాటకు విలువ లేదు. విళింజానికి ఎం.ఎస్.సి. కంపెనీ నౌకలే ఎక్కువగా వస్తాయి గనుక వైరం వద్దన్న భయమూ వినిపిస్తుంది. పెద్ద ఓడరేవును నమ్ముకున్న వ్యాపారం ఒక న్యాయమైన బిల్లు చూసి పారిపోదు. పారిపోతుందని నమ్మి బిల్లే పంపని రాష్ట్రం ప్రతి ప్రమాదంలోనూ తానే చెల్లించుకుంటుంది.

6. స్వచ్ఛంద సేవ గురించి

2017 జనవరి 28న ఎన్నూరు వద్ద రెండు నౌకలు ఢీకొని చెన్నై తీరానికి చమురు చేరినప్పుడు, మనుషులు బకెట్లతో, వట్టి చేతులతో మడ్డిని ఎత్తిన దృశ్యాలను దేశమంతా చూసింది. వారి సేవాభావం గొప్పది, దానికి ఎవరైనా తలవంచవలసిందే. కాని ఇంధన మడ్డిలో కాన్సరు కలిగించగల పదార్థాలు ఉంటాయి. దాన్ని తగిన తొడుగులు, ముసుగులు, బూట్లు, శిక్షణ లేకుండా ఎత్తించడం వల్ల తగ్గేది కారకుడి బిల్లు, పెరిగేది ఎత్తినవాడి రోగభయం. విద్యార్థి, మత్స్యకారుడు, పారిశుద్ధ్య కార్మికుడు ఇచ్చిన ఉచిత శ్రమ ఏ పద్దులోనూ చేరదు కనుక, దావాలో కోరదగిన మొత్తమూ ఆ మేరకు కుదించుకుపోతుంది. సేవ ఉచితమైతే కావచ్చు, దాని విలువను లెక్కకట్టకుండా వదిలేసే అధికారం మాత్రం ఏ అధికారికీ లేదు.

7. ఈ అభిప్రాయం చెల్లితే జరిగేది

తీర పంచాయతీ చేతిలో ఉన్న సొమ్ము ఏమిటో చూస్తే ఈ అభిప్రాయపు అసలు రూపం బయటపడుతుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు సిఫారసు చేసిన నిధులలో అరవై శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికి కట్టుబడినవి. ప్రమాదకర శిథిలాల తొలగింపును పారిశుద్ధ్యమని పిలిచిన క్షణాన ఆ ఖర్చు పోయి పడేది ఈ పద్దు మీదనే. అంటే ఏదో ఖండంలోని యజమాని కింద ఉండి, మరో దేశపు జెండా కట్టుకుని, వేరొకరి సరుకు మోసిన నౌక చేసిన నష్టానికి బాపట్ల జిల్లాలోనో శ్రీకాకుళం జిల్లాలోనో ఒక పల్లె తన మంచినీటి పైపు మరమ్మతును వాయిదా వేసుకోవాలి. ఎంత పేద పంచాయతీ అయితే దాని ఆదాయంలో అంత పెద్ద భాగం ఈ భారానికి పోతుంది. దీన్ని ప్రజాధనంతో శుభ్రత అనడం సరికాదు, ఇది తీర పల్లెలు నౌకా వ్యాపారానికి ఇచ్చే సబ్సిడీ.

రెండవ ఫలితం సముద్రం మీదనే కనబడుతుంది. ప్రమాదం ఖర్చు ఊళ్ల మీద పడినంతకాలం, పాతబడిన నౌకను చౌకగా కిరాయికి తీసుకోవడం లాభసాటి నిర్ణయంగానే ఉంటుంది. ఎరికా అప్పటికే ఇరవై నాలుగేళ్లు పైబడిన నౌక. దాని అడుగుభాగం ఒంటిపొరది, అంటే చమురుకూ సముద్రానికీ మధ్య ఉన్నది ఒకే ఉక్కురేకు. ఆ ప్రమాదం ఐరోపాలో రాజకీయంగా మోయలేనంత భారమయ్యాకనే ఒంటిపొర చమురు నౌకలను దశలవారీగా తొలగించే నియమం 2002లో వచ్చింది. నష్టపు లెక్క కారకుడి వాకిట చేరనిచోట అటువంటి నియమాలు పుట్టవు.

ఆంధ్రప్రదేశ్ తీరం వెయ్యి కిలోమీటర్లకు అటూఇటూగా ఉంది. విశాఖపట్నం, గంగవరం, కాకినాడ, కృష్ణపట్నం రేవులకు నిత్యం నౌకలు వచ్చిపోతుంటాయి. 2020 అక్టోబరులో వాయుగుండం తాకిడికి లంగరు తెగి, బంగ్లాదేశ్‌కు చెందిన ఎం.వి. మా అనే సరుకు నౌక విశాఖలో తెన్నేటి పార్కు ఎదుట రాళ్ల మీదికి కొట్టుకువచ్చింది. అందులో ఉన్నది కార్బైడ్ కాకపోవడం ఈ తీరపు అదృష్టం తప్ప ఏ ఏర్పాటు ఫలితమూ కాదు. జాతీయ చమురు విపత్తు ప్రణాళిక సముద్రం మీది పనిని తీరరక్షక దళానికి, ఒడ్డు మీది పనిని తీర రాష్ట్రానికి పంచింది. పని పంచినంత మాత్రాన బాకీ పంచినట్లు కాదు గనుక రాష్ట్రం చేయవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. తీర పంచాయతీలకు, పురపాలక సంఘాలకు ప్రమాదం జరిగిన నాడే అడ్వాన్సు ఇచ్చే ప్రత్యేక నిధిని ఏర్పరచాలి. దాన్ని పారిశుద్ధ్య గ్రాంటులతో కలపరాదు. ఖర్చయిన ప్రతి రూపాయినీ కారకుడి పేరిట బాకీగా నమోదుచేసి, స్థానిక సంస్థలన్నిటి తరఫున ఒకే దావాగా నడపాలి. అది చేయని ప్రభుత్వానికి పంచాయతీ సొమ్ము ముట్టుకునే నైతిక హక్కు లేదు.

ఈలోగా తీర గ్రామాల సర్పంచులు, కార్యదర్శులు, పురపాలక అధికారులు తమ చేతిలో ఉన్న పని మొదలుపెట్టాలి. శిథిలం ఒడ్డుకు చేరిన మొదటి గంట నుంచి ఫోటో, తేదీ, స్థలం. ముద్రవేసి దాచిన నమూనా. ఎత్తిన ప్రతి బస్తా తూకం. కూలీల మస్టరు, ట్రాక్టరు కిరాయి, తొడుగుల రసీదు. సేవకు వచ్చినవారి పేర్లు, పనిచేసిన గంటలు కూడా ఆ పుస్తకంలోనే ఉండాలి. మెస్కేర్ అనే చిన్న ఊరు లక్సెంబర్గ్ దాకా తీసుకువెళ్లిన లెక్క చివరి 42 సెంట్ల వరకు రాసి ఉంది.